కంప్యూటర్‌లో పాత తెలుగు పాట వెతికి పట్టుకోవడం ఎలా

పాట చెవిలో మోగుతూనే ఉంటుంది, పేరు మాత్రం గుర్తుకు రాదు. లేదా పేరు తెలుసు, సెర్చ్‌లో కొడితే ఇంకేదో వస్తుంది. లేదా ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ ఎవరితోనో ఎంపీ3లుగా మార్పించారు, ఇప్పుడు ఫైళ్లన్నీ ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని ఉన్నాయి, ఎవరు పాడారో ఏ రాగమో రాసి ఉన్న అట్ట ఎప్పుడో పోయింది. మనకి ఇవన్నీ ఒకటే సమస్య, పాట దొరకట్లేదు. కంప్యూటర్‌కి మాత్రం ఇవి మూడు వేర్వేరు పనులు, ఒకదానికి వాడే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. పాట నెట్‌లో ఉండి కూడా దొరకలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి. పాటలో మాటలు గుర్తున్నాయా, రికార్డింగే ఉందా, లేక వరస ఒక్కటే గుర్తుందా? దాన్ని బట్టి దారి మారుతుంది.

మాటలు గుర్తుంటే

ఇక్కడ కంప్యూటర్ పాటని వినదు. పాట ఎక్కించినవాళ్లు దాని పక్కన ఏం టైపు చేశారో, మీరు టైపు చేసింది దాంతో కలుస్తుందో లేదో చూస్తుంది, అంతే. అందుకని మీరు ఎలా రాస్తారన్నది కాదు, వాళ్లు ఎలా రాసి ఉంటారన్నది ఊహించాలి. మన పాటలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కాయి. త్యాగరాజ కీర్తనలైతే సాహిత్యం తెలుగే అయినా, రికార్డింగుల్లో చాలా భాగం చెన్నైలో తయారైనవి, తమిళ కళాకారులవి, అందుకని స్పెల్లింగు కూడా తమిళ అలవాటు ప్రకారమే ఉంటుంది.

‘ఎందరో మహానుభావులు’ తీసుకోండి. ‘ద’ని ఒకరు ఒట్టి డీతో రాస్తారు, ఒకరు డీ పక్కన హెచ్ పెడతారు, తమిళ పద్ధతిలో రాసేవాళ్లు టీ హెచ్ వాడతారు. ‘భా’ దగ్గర ఒక ఏ పెట్టేవాళ్లున్నారు, రెండు పెట్టేవాళ్లున్నారు. ‘వు’కి వీ అయినా ఉంటుంది, డబ్ల్యూ అయినా ఉంటుంది. ఈ మూడు చోట్లే లెక్కేసినా పన్నెండు రూపాలు, అన్నీ చూడ్డానికి సరైనవే. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఇంత ప్రసిద్ధమైన కీర్తనకైతే ఏదోలా సర్దుకుంటాయి, ఎందుకంటే లక్షలమంది రకరకాలుగా కొట్టి ఉంటారు. ఎవరూ వెతకని పాటకి ఆ సర్దుబాటు ఉండదు, మనకి కావాల్సింది సాధారణంగా అలాంటి పాటే.

అందుకని పల్లవి మొత్తం కొట్టకండి. స్పెల్లింగు తేడాలు తక్కువ వచ్చే రెండు మూడు మాటలు ఏరుకోండి. త, ద, ట, డ, ళ, ణ ఉన్న మాటలు, దీర్ఘాలు ఎక్కువున్న మాటలు వదిలేయండి. కీర్తన అయితే పక్కన రాగం పేరు చేర్చండి. ‘నగుమోము’ అని కొట్టి ‘ఆభేరి’ జతచేస్తే చివరి ‘ము’ని వాళ్లు యూతో రాసినా ఓతో రాసినా పట్టుబడుతుంది. సినిమా పాటైతే సంగీత దర్శకుడి పేరు చేర్చడం మంచిది, గాయకుల పేర్ల మీద అంతగా ఆధారపడొద్దు. సుశీల గారి పేరుకే రెండు మూడు స్పెల్లింగులున్నాయి. బాలు గారి పేరైతే హెచ్ ఉన్నదీ లేనిదీ, వైతో రాసినదీ ఐతో రాసినదీ, ఏదీ కాకుండా ఒట్టి ఎస్పీబీ అని మూడక్షరాలూ కనిపిస్తాయి.

తర్వాత అదే వెతుకులాట తెలుగు లిపిలో కూడా చేయండి, ఫలితాలు పూర్తిగా వేరుగా వస్తాయి. పక్కపక్కనే వచ్చే మూడు మాటల్ని కొటేషన్ మార్కుల మధ్య పెడితే వరసగా ఆ మూడు మాటలూ ఉన్న పేజీలే వస్తాయి. రాకపోతే మాటల్ని విడదీసి కొట్టండి, కలిపి కూడా కొట్టండి. ‘మనసున్న’ అని ఒకరు రాస్తే ‘మనసు ఉన్న’ అని ఇంకొకరు రాస్తారు, సంధి దగ్గర ఎవరి ఇష్టం వాళ్లది. ఇంకో చిక్కు కంటికి కనపడదు. ‘ఎన్‌టీఆర్’ అని రాసేటప్పుడు ‘న్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఒక అదృశ్య అక్షరం ఉంటుంది, అది లేకపోతే టీ వెళ్లి ‘న’ కింద ఒత్తుగా చేరుతుంది. పెద్ద సైట్లు దీన్ని దాటేయగలవు గానీ చిన్న సైట్లు, మీ సొంత కంప్యూటర్‌లోని ఫోల్డర్ సెర్చ్ చాలాసార్లు దాటలేవు. ఒక పాట ఖచ్చితంగా ఉందని తెలిసీ దొరకకపోతే ఈ పొల్లు ఉన్న మాటని వదిలేసి పక్క మాటతో వెతకండి.

పాత సినిమా పాటలకి ఇంకొక్కటి. చాలా పాటలు పల్లవితో మొదలవ్వవు, ముందు తాళం లేకుండా పాడే సాకీ ఉంటుంది. కొన్ని ఆల్బమ్స్‌లో పాట పేరుగా సాకీ మొదటి మాటలు వేస్తారు, కొన్నింటిలో పల్లవి వేస్తారు. పల్లవితో దొరక్కపోతే సాకీతో, అదీ లేకపోతే చరణంలోని ఒక గట్టి మాటతో ప్రయత్నించండి. ‘ఆణిముత్యాలు’, ‘మధుర గీతాలు’ తరహా సంకలనాల్లో సినిమా పేరు ఉండాల్సిన చోట సంకలనం పేరు, సినిమా వచ్చిన సంవత్సరం ఉండాల్సిన చోట సంకలనం వేసిన సంవత్సరం ఉంటుంది. అక్కడ కనిపించే సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. పాత పాటల పుస్తకాలు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే, సినిమా హాలు దగ్గర అమ్మేవే, వాటిలో రాసిన వివరాలు చాలా సైట్ల కంటే నయం.

రికార్డింగే ఉంటే

దీనికి వాడేది ఆడియో వేలిముద్ర. పాట వినిపిస్తే పేరు చెప్పే షజామ్ యాప్ చాలామందికి తెలుసు. 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు అది యాప్ కూడా కాదు, 2580కి ఫోన్ చేసి పాట వినిపిస్తే పేరు ఎస్ఎమ్మెస్‌లో వచ్చేది. అది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ విఫలమవుతుందో కూడా ముందే చెప్పొచ్చు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

పాటలో ఏ క్షణాన ఏ పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) బలంగా ఉందో చూసి, అన్నిటికంటే బలమైన చుక్కల్ని మాత్రం ఉంచుకుంటుంది, మిగతాదంతా వదిలేస్తుంది. చుట్టూ జనం మాట్లాడుతున్నా, ఫ్యాన్ తిరుగుతున్నా ఆ బలమైన చుక్కలు చాలావరకు నిలబడతాయి కాబట్టి హోటల్లో మోగే పాట కూడా దొరుకుతుంది. ఆ చుక్కల్ని రెండేసి జత కడుతుంది. ఒక్కో జతలోని రెండు పౌనఃపున్యాలు, వాటి మధ్య వ్యవధి, ఈ మూడూ కలిపి ఒక సంఖ్య. మీరు వినిపించిన పది సెకన్లలోని సంఖ్యలు ఏ రికార్డింగులో అదే క్రమంలో, అదే ఎడంతో ఉన్నాయో అదే జవాబు.

ఇందులో రాగం లేదు, తాళం లేదు, గొంతు లేదు. ఆ ఒక్క రికార్డింగ్ మాత్రమే ఉంది. అదే గాయని అదే కీర్తనని మరుసటి ఏడాది ఇంకో సభలో పాడితే చుక్కలు వేరు, వేలిముద్ర వేరు. రేడియోలో మాత్రమే వచ్చి క్యాసెట్‌గానో సీడీగానో మార్కెట్‌లోకి రానిది, ఉదాహరణకి విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో విని ఎవరో ఇంట్లో టేపు చేసుకున్నది, డేటాబేస్‌లో ఎవరైనా చేరిస్తే తప్ప ఉండదు. యాప్‌కి దొరకలేదంటే పాట పేరు లేని అనామకం అని కాదు, ఈ రికార్డింగ్ వాళ్ల దగ్గర లేదని మాత్రమే.

క్యాసెట్ నుంచి తీసిన ఫైలైతే ఇంకో అనుమానం ముందే పెట్టుకోండి, వేగం. పాత టేప్‌రికార్డర్లు సరైన వేగంలో తిరిగేవి కావు, నాలుగైదు శాతం తేడా వస్తే చుక్కల పౌనఃపున్యాలు, వ్యవధులు రెండూ జరిగిపోతాయి, వేలిముద్ర కలవదు. దీనికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఫైలు తెరిచి, వేగం మార్చే ఎఫెక్ట్‌తో రెండు శాతం తగ్గించి చూడండి, తర్వాత నాలుగు శాతం, తర్వాత పెంచి చూడండి, ఒక్కోసారి ఫోన్‌లో యాప్ ఆన్ చేసి వినిపించండి. స్వరం మారకుండా నిడివి మాత్రం మార్చే ఎఫెక్ట్ కూడా అందులోనే ఉంటుంది, అది వాడొద్దు, రెండూ కలిసి మారాలి.

ఊహించి మార్చడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. మొదట రికార్డు చేసిన మెషిన్ కరెంటు మీద నడిచిందైతే టేపులో సన్నగా ఒక గుంయ్ మనే మోత పడి ఉంటుంది, మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది 50 దగ్గర (లేదా దానికి రెట్టింపు 100 దగ్గర) ఉండాలి. పాట లేని ఖాళీ చోటు సెలెక్ట్ చేసి ఆడాసిటీలో స్పెక్ట్రమ్, అంటే ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్, గీయించండి. ఆ మోత 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా తిరిగిందన్నమాట. సరిగ్గా 50 దగ్గర కనిపిస్తే మాత్రం జాగ్రత్త, అది మీరు ఎంపీ3గా మార్చినప్పుడు చేరిన మోత కూడా కావచ్చు.

ఫైళ్లు పదుల్లో వందల్లో ఉంటే ఒక్కోటీ ఫోన్‌కి వినిపించడం కుదరదు. అప్పుడు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ దించుకోండి, ఉచితమే. ఫోల్డర్ మొత్తం అందులో వేసి స్కాన్ నొక్కితే అకూస్టిడ్ అనే డేటాబేస్‌తో పోల్చి పేర్లు తెస్తుంది. ఇది షజామ్‌లా చిన్న ముక్కని గుర్తుపట్టడానికి తయారైంది కాదు, ఫైలు మొదటి రెండు నిమిషాల్ని బట్టి మొత్తం ట్రాక్‌ని గుర్తుపడుతుంది. క్యాసెట్‌లో ఒక వైపంతా కలిపి ఒకే ఫైలుగా ఉంటే ఏమీ తేలదు. ముందు పాటపాటకీ కత్తిరించండి, మొదట్లో ఉన్న ఖాళీని, క్యాసెట్ టకటకల్ని తీసేయండి, అప్పుడు స్కాన్ చేయండి. అయినా తెలుగు పాటలకి వచ్చే జవాబులు పాశ్చాత్య సంగీతానికి వచ్చినంత ఎక్కువగా రావు, ఎవరో ఒకరు చేర్చితేనే కదా అందులో ఉండేది.

వరస మాత్రమే గుర్తుంటే

అన్నిటికంటే కష్టం ఇదే, కంప్యూటర్‌కీ మనకీ కూడా. గూగుల్ యాప్‌లో 2020 అక్టోబరు నుంచి కూనిరాగంతో వెతికే సౌకర్యం ఉంది, యూట్యూబ్ మ్యూజిక్ యాప్‌లోనూ వచ్చింది. మైక్ నొక్కి పది పదిహేను సెకన్లు కూనిరాగం తీస్తే చాలు. గొంతు, వాద్యాలు, శ్రుతి అన్నీ పక్కన పెట్టి స్వరం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని మాత్రం సంఖ్యల వరసగా మార్చి పోలుస్తుంది.

ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆయన వేల వరసల్ని ఒక పుస్తకంగా వేశారు. అందులో స్వరాలు ఉండవు, పైకి, కిందికి, అదే, ఈ మూడు గుర్తులతోనే వరసని రాసి అకారాది క్రమంలో పేర్చారు. పాశ్చాత్య వరసలకి అది చక్కగా పనిచేసింది, ఎందుకంటే అక్కడ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు స్పష్టంగా ఉంటుంది.

మన దగ్గర ఆ మెట్టే ఉండదు. తోడి రాగంలో గాంధారం, అంటే ‘గ’, పాడితే అది ఒక చోట నిలబడదు, కిందున్న రిషభానికీ పైనున్న మధ్యమానికీ మధ్య ఊగుతుంది. వినేవాళ్లకి అది ఒకే స్వరం, గాంధారం. కంప్యూటర్ మాత్రం పైకి, కిందికి, మళ్లీ పైకి అని నాలుగైదు స్వరాలు రాసుకుంటుంది. స్వరాన్ని ఇలా ఊపడాన్నే గమకం అంటారు, అది ఉన్న ప్రతిచోటా ఇదే గొడవ. అందుకని కూనిరాగంతో వెతికేటప్పుడు గమకాలన్నీ తీసేసి, ఈలగా గానీ ‘తనననా’ అని గానీ, హార్మోనియం మీద వాయించినట్టు ఒట్టి స్వరాలు పాడండి. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది మనసొప్పని పనే, కానీ ఫలితం తేడాగా ఉంటుంది. చరణం కాకుండా పల్లవి పాడండి, వేగం మధ్యలో మార్చకండి, ఒకే లైనుని మార్చి మార్చి పాడే సంగతులు వేయకండి.

సినిమా పాటలకి ఈ పద్ధతితో మంచి లాభం ఒకటుంది. వరస ఒకటే అయి భాషలు వేరైన పాటలు మనకి లెక్కలేనన్ని. 1992 నాటి ‘రోజా’ పాటలే తమిళం, తెలుగు, హిందీ మూడింటిలోనూ అవే వరసలు. మీరు తెలుగు పాట కూనిరాగం తీస్తే తమిళ పాట పేరు రావచ్చు, తప్పు వచ్చిందని కొట్టిపారేయకండి. ఆ సినిమా పేరు తీసుకుని దాని తెలుగు డబ్బింగ్ పేరు ఏమిటో చూడండి, అక్కణ్ణుంచి తెలుగు పాటల జాబితా ఒక్క నిమిషం పని.

అన్నమయ్య దగ్గర ఇది తిరగబడుతుంది, అక్కడ మాటలు ఒకటే, వరసలు వేరు. తిరుమల రాగిరేకుల మీద సంకీర్తనలతో పాటు రాగం పేరు ఉంది గానీ అప్పటి వరస మనదాకా రాలేదు, ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి నేదునూరి కృష్ణమూర్తి గారి దాకా ఎందరో స్వరపరిచారు. ఒకే సంకీర్తన రెండు మూడు రాగాల్లో వినిపించొచ్చు. కాబట్టి అన్నమయ్య పాటని మాటలతో వెతికి, వచ్చిన వాటిల్లో మీరు విన్న వరస ఏదో చెవితో తేల్చుకోవాలి.

పేరు తెలియని కచేరీ టేపు

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, దీనికి ఏ యాప్ కన్నా చెవే పెద్ద సాధనం. మొదట చివరి చరణానికి వెళ్లండి. పాట రాసి వరస కట్టిన వాగ్గేయకారుడి ముద్ర, అంటే సంతకంలా వాడే పేరు, చాలాసార్లు అక్కడ ఉంటుంది. ‘త్యాగరాజ’ అని వినిపిస్తే సరే, ‘గురుగుహ’ అంటే ముత్తుస్వామి దీక్షితులు, ‘శ్యామకృష్ణ’ అంటే శ్యామశాస్త్రి, ‘మువ్వగోపాల’ అంటే క్షేత్రయ్య పదం, ‘వేంకట’ శబ్దం వస్తే అన్నమయ్య కావచ్చు. ముద్ర తెలిశాక వెతకాల్సిన కృతులు వేలల్లోంచి వందల్లోకి వస్తాయి. పల్లవి మొదటి మాట, ముద్ర కలిపి కొడితే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మాట సరిగ్గా వినపడకపోతే గొంతుని, వాద్యాల్ని విడదీసే సాఫ్ట్‌వేర్ వాడండి. డీజర్ కంపెనీ 2019లో ఉచితంగా ఇచ్చిన స్ప్లీటర్ ఉంది, డీమక్స్ ఉంది. వయొలిన్ గొంతుని అంటిపెట్టుకుని నడుస్తుంది కాబట్టి పూర్తిగా విడిపోదు, కానీ మృదంగం తగ్గేసరికి మాట తెలుస్తుంది. పాటని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ల మీద మాత్రం టైమ్ పెట్టకండి, మాట్లాడే తెలుగుకే అవి తడబడతాయి, ఒక్క అక్షరాన్ని నాలుగు తాళం చుట్లు (ఆవర్తాలు) సాగదీస్తే ఏమీ చేయలేవు.

రాగం కంప్యూటర్‌తో పట్టించొచ్చా? కొంతవరకు. ముందు అది ఆధార షడ్జం, అంటే పాడేవాళ్ల ‘స’, ఎక్కడుందో తేల్చుకోవాలి, మగ గాత్రం ఒకటి శ్రుతి దగ్గర ఉంటే ఆడ గాత్రం ఐదు శ్రుతి దగ్గర ఉండొచ్చు, ‘స’ ఏదో తెలియకుండా మిగతా స్వరాలకి అర్థం లేదు. అది తేలాక ఏ స్వరం ఎంతసేపు వచ్చిందో లెక్కగడుతుంది. శంకరాభరణం, కల్యాణి లాంటి జంటని విడదీయడం సులువే, మధ్యమం ఒక్కటి చూస్తే చాలు. ఆరభి, దేవగాంధారి దగ్గరికి వచ్చేసరికి స్వరాలు దాదాపు ఒకటే, తేడా అంతా నడకలో ఉంది, ఆరభి చురుగ్గా ఒట్టి స్వరాల మీద నడిస్తే దేవగాంధారి నిదానంగా గమకంతో సాగుతుంది. స్వరాల మొత్తం లెక్కలో ఈ నడక కనపడదు. 2011లో బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీలో జేవియర్ సెర్రా ఆధ్వర్యంలో మొదలైన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు, మద్రాస్ ఐఐటీ పరిశోధకులతో కలిసి, సరిగ్గా ఇలాంటి చిక్కుల మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్ల దున్యా అనే సైట్‌లో కర్ణాటక రికార్డింగులకి రాగం, తాళం, శ్రుతి కలిపి చూడొచ్చు. మనలాంటి వాళ్లకి అంతకన్నా దగ్గరి దారి, ఆలాపన ఒక్క నిమిషం కత్తిరించి సంగీతం తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపడం.

దొరికాక వెంటనే చేయాల్సింది

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్‌కి పాడినప్పుడు రికార్డు చివర తన పేరు తానే ఇంగ్లిష్‌లో చెప్పారు, ఎందుకంటే డిస్కులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో, లేబుల్ వేసేవాళ్లకి ఎవరి పాటో తెలియాలి. ఫైలు లోపల పాట వివరాలు రాసి ఉంచే ట్యాగ్ చేసే పని కూడా అదే. దొరికిన పాటకి ట్యాగ్ రాయకపోతే వచ్చే ఏడాది మళ్లీ వెతకాలి.

ఫైలు పేరు మార్చి ఊరుకోకండి, ఎంపీ3ట్యాగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లోపలి ట్యాగులు నింపండి. ఎంపీ3 ట్యాగులు రాసే పద్ధతి పేరు ఐడీ3, దాని మొదటి వెర్షన్‌లో ట్యాగ్ మొత్తం కలిపి 128 బైట్లు, పాట పేరుకి 30. తెలుగు అక్షరాల్ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్క ‘ఘంటసాల’ అన్న పేరే 18 బైట్లు, అదీ కాక ఆ వెర్షన్ తెలుగు లిపి కోసం చేసింది కాదు. కాబట్టి సెట్టింగుల్లో ఐడీ3 2.3 వెర్షన్, యూటీఎఫ్-16 ఎంచుకోండి. కార్ స్టీరియోలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ట్యాగ్ పాడైందని కంగారు పడకండి, అందులో తెలుగు ఫాంట్ లేదంతే.

పాట పేరు తెలుగులో రాయండి, కామెంట్ గడిలో ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా ఇవ్వండి, రేపు మీరు ఏది కొట్టినా తగులుతుంది. సినిమా పాటైతే ఆల్బమ్ గడిలో సినిమా పేరు, కంపోజర్ గడిలో సంగీత దర్శకుడు, లిరిసిస్ట్ గడిలో రచయిత. కృతి అయితే కంపోజర్ వాగ్గేయకారుడు, ఆర్టిస్ట్ పాడినవాళ్లు, రాగం తాళం కామెంట్‌లో. వేగం సరిచేసిన ఫైలుని వేరే పేరుతో దాచండి, క్యాసెట్ నుంచి మొదట తీసిన ఫైలుని అలాగే ఉంచండి, ఎంత శాతం మార్చారో కూడా కామెంట్‌లో రాయండి. టేపు మీద తేదీ, ఊరు, సభ పేరు ఏది కనిపించినా రాయండి, ఖచ్చితంగా తెలియనిదానికి ప్రశ్నార్థకం పెట్టండి, ఊహని నిజంలా రాస్తే తర్వాత వెతికేవాళ్లు దారి తప్పుతారు.

మార్కెట్‌లో వచ్చిన ఆల్బమ్ అయితే మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో అకౌంట్ తెరిచి చేర్చండి. అక్కడ కృతి వేరు, రికార్డింగ్ వేరు, ఆల్బమ్ వేరుగా ఉంటాయి, కృతికి రాగం తాళం పెట్టడానికి ప్రత్యేకంగా గడులున్నాయి, గాయని పేరుకి ఎన్ని స్పెల్లింగులున్నా అన్నీ మారుపేర్లుగా చేర్చొచ్చు. చేర్చాక పికార్డ్ నుంచే ఆ ఫైలు వేలిముద్రని అకూస్టిడ్‌కి పంపే బటన్ ఉంటుంది, అది నొక్కడం మర్చిపోకండి.